గుర్రాల పచ్చిక కోసం పైరవీ

డబ్లిన్, రాత్‌మైన్స్
2018 సెప్టెంబరు 14

ప్రియమైన కన్‌సెప్టా పిన్నికి,

కవరు మీద నా దస్తూరీ చూసి ఎవరు పోయారో అని కంగారుపడ్డావేమో. ఎవరూ పోలేదు. రెండేళ్లుగా నీకు ఒక్క ముక్క రాయనిది నేనే. తిట్టాలనుకుంటే ముందు తిట్టేసి, తర్వాత మిగతాది చదువు.

నువ్వు ఈమెయిళ్లు తెరవవని అమ్మ చెప్పింది. కౌన్సిల్ ఆఫీసు వాళ్లు అచ్చు తీసి ఇచ్చినా వెనకవైపు సరుకుల జాబితా రాసుకుంటావట. చేత్తో రాసిన ఉత్తరానికి మాత్రం తప్పకుండా జవాబిస్తావట. ముప్పయ్యొక్క ఏళ్లు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చున్నదానివి కదా! అందుకే కొట్టుకెళ్లి గీతల కాగితాలు కొన్నాను. "ఇంకా ఇవి వాడేవాళ్లున్నారా?" అన్నాడు కొట్టువాడు. "మా పిన్ని ఉంది" అన్నాను.

నేను ఉద్యోగం మారాను. కంపెనీలకూ సంఘాలకూ సర్కారుతో ఎలా మాట్లాడాలో చెప్పే సలహా సంస్థ. దాని గురించి రాసి నీకు నిద్ర తెప్పించను. ఇల్లు మాత్రం మారలేదు. ముప్పయ్యారేళ్లొచ్చినా ఇంకా నలుగురితో కలిసి ఒకే ఇంట్లో, ఫ్రిజ్‌లో ఒక్క అర నాది అనుకుంటూ బతుకుతున్నాను.

డ్రమ్‌షీల్ ఎలా ఉంది? జిల్లాకు కొత్త మాస్టర్ ప్లాన్ వస్తోందనీ, అందులో నదొడ్డు గుర్రాల పచ్చికను ఇళ్ల స్థలంగా మార్చమని అడుగుతున్నారనీ ఎక్కడో చదివాను. నూట నలభై ఇళ్లట కదా! కౌన్సిలరుగా నువ్వేమనుకుంటున్నావు? ఊరికే అడుగుతున్నాను.

ప్రేమతో,
గ్రాన్యా


డ్రమ్‌షీల్
సెప్టెంబరు 23

గ్రాన్యా తల్లికి,

తిట్టడం అయిపోయింది. వంటింట్లో నిలబడి గట్టిగానే తిట్టాను, పిల్లి బయటికి పోయింది. ఇక సంగతుల్లోకి వస్తాను. నువ్వు రాశావన్న సంతోషంలో చెయ్యి ఆగేలా లేదు.

గుర్రాల పచ్చిక అని ఎవడు మొదట అన్నాడో గానీ, ఆ రోజు నుంచి నా గడప మీద మనిషి లేని పూట లేదు. మొన్న ఒక చావింట్లో, వితంతువు చెయ్యి పట్టుకుని ఓదార్చడానికి వరసలో నిలబడ్డానా, నా వెనకున్నాయన చెవి దగ్గరికి వంగి, "పాపం మంచి మనిషి, ప్రశాంతంగా పోయాడు. అన్నట్టు ఆ పచ్చిక సంగతి ఆలోచించారా?" అన్నాడు. శవపేటిక ఇంకా మూయనైనా లేదు.

దీనంతటికీ మూలం మాలకీ టాఫ్. పచ్చిక కొన్నది అతని కంపెనీయే. కానీ అతను ఎక్కడా తన పేరు వాడడు. 'డ్రమ్‌షీల్ ముందడుగు' అని ఒక సంఘం పెట్టించాడు. కొట్ల వాళ్లు, హోటలు వాళ్లు, హర్లింగ్ ఆట క్లబ్బు వాళ్లు అందులో సభ్యులు. క్లబ్బు సెక్రటరీ కిలియన్ మాన్యన్ మా ఇంటికి వచ్చాడు. ముప్పయ్యేళ్లుంటాయి, ఇళ్లు అమ్మిపెట్టే వ్యాపారం, మనిషి చురుకైనవాడే.

"కన్‌సెప్టా గారూ, ముందడుగు వాళ్లు జట్టంతటికీ కొత్త చొక్కాలు ఇస్తున్నారండీ."

"మంచిది. వేసుకోండి."

"మరి మీరు కూడా ఊరి కోసం..."

"నాకు చొక్కా సరిపోదు నాయనా, భుజాలు పెద్దవి."

ఆ తర్వాత పొగబెట్టిన సాల్మన్ చేప ఒకటి వచ్చింది, రిబ్బను కట్టి. వచ్చిన దారినే పంపేశాను. ఎవరొచ్చినా నా జవాబు ఒక్కటే: "విన్నాను." ఔననీ కాదనీ అనను. తలుపు మాత్రం ఎవరికీ మూయను. అడిగే హక్కు వాళ్లది, వినే పని నాది.

నిజం చెప్పాలంటే నేనింకా తేల్చుకోలేదు. తొమ్మిదేళ్ల కిందట నవంబరు వరదలో దిగువ వీధి నుంచి బార్ట్లీ లోహన్ భార్యను ట్రాక్టరు తొట్టెలో కూర్చోబెట్టి బయటికి తెచ్చాం. పక్కన గొడుగు పట్టుకుని నేనూ ఉన్నాను. ఆ పచ్చిక చలికాలం నీళ్లు తాగుతుంది కాబట్టే ఆ వీధి ఆ మాత్రమైనా బతికింది. ఇంకోపక్క, ఇల్లు కావాలని కౌన్సిల్ జాబితాలో పేరు రాయించుకున్నవాళ్లు వందల్లో ఉన్నారు. కవల పిల్లలతో హోటలు గదిలో ఉంటున్న ఒకమ్మాయి ప్రతి శనివారం వచ్చి నా ఎదురుగా కూర్చుంటుంది. ఏడవదు. ఏడ్చినా బాగుండేది.

మేం కౌన్సిలర్లం పందొమ్మిది మందిమి. తొమ్మిది మంది పచ్చిక మార్చాలనేవాళ్లు, ఎనిమిది మంది వద్దనేవాళ్లు. మిగిలింది నేను, ఫింటన్ కోయిన్. ఫింటన్ నా పాత స్నేహితుడు, కౌన్సిల్‌లో నా పక్క కుర్చీ. పాపం అతని కూతురు ఇల్లు దొరక్క మొగుడితో కారవాన్‌లో, ఆ చక్రాల పెట్టెలో, కాపురం పెట్టింది. అతను ఊగుతున్నాడు.

ఇది నీకొక్కదానికే చెబుతున్నాను. ఆ ఇళ్లతోపాటు పసిపిల్లల కోసం ఒక సంరక్షణ కేంద్రం, నది కనబడేలా పెద్ద పెద్ద కిటికీలతో, కట్టిస్తామని రాసిస్తే నేను మెత్తబడతానేమో. నా బలహీనత అది. ఎవరికీ చెప్పలేదు.

మళ్లీ రాయి. రెండేళ్లు ఆగకు.

నీ పిన్ని,
కన్‌సెప్టా


డబ్లిన్
అక్టోబరు 9

ప్రియమైన పిన్నీ,

నీ ఉత్తరం బస్సులో చదివి, చొక్కా మాట దగ్గర పైకే నవ్వాను. పక్కావిడ సీటు మారింది.

పచ్చిక గురించి నాకు తోచింది రాస్తాను, విను. నాలాంటివాళ్లు ఈ దేశంలో ఎంతమంది! ఊళ్లో ఇళ్లు లేవని ఊరు విడిచిపోతారు, సిటీలో ఇళ్లు లేవని గదుల్లో ముసలివాళ్లయిపోతారు. నూట నలభై ఇళ్లంటే నూట నలభై వంటిళ్లు పిన్నీ. వరద భయం ఉందంటావు. వాళ్ల ఇంజనీర్లు పెద్ద నివేదిక ఇచ్చారట, నేల ఎత్తు పెంచి పంపులు పెడతారట. రోజులు మారాయి.

ఫింటన్ గారి కూతురి పేరేమిటి? కారవాన్ ఎక్కడ పెట్టుకున్నారు? పాపం, తలుచుకుంటే బాధేసింది.

గ్రాన్యా


డ్రమ్‌షీల్
నవంబరు 18

గ్రాన్యా తల్లికి,

మనసు బాగాలేదు. ఫింటన్‌తో గొడవపడ్డాను. ఇరవయ్యేళ్ల స్నేహంలో మొదటిసారి.

పోయిన మంగళవారం మాలకీ టాఫే స్వయంగా వచ్చాడు. ఎప్పుడూ మనుషుల్ని పంపేవాడు, తనే వచ్చాడంటే ఏదో ఉందనుకున్నాను. టీ ఇచ్చాను. చంకలోంచి కాగితం చుట్ట తీసి బల్ల మీద పరిచాడు. రంగుల బొమ్మ. పసిపిల్లల కేంద్రం! నదివైపు గోడంతా కిటికీలే.

"పిల్లలకు నది కనబడాలి కదండీ కన్‌సెప్టా గారూ" అన్నాడు. నా మాట. నా వంటింట్లో నా మాటే నాకు అప్పజెప్పాడు.

ఆ మధ్యాహ్నమే తెలిసింది, ఫింటన్ కూతురు ఉన్న కారవాన్ దగ్గరికి కిలియన్ వెళ్లి, మొదటి వరసలో మొదటి ఇల్లు నీకే అన్నాడట. నేను రెండూ కలిపి చూసుకున్నాను. మిగతావాళ్లెవరికీ చెప్పలేదు గానీ, ఫింటన్‌తో కారులో వెళ్తూ ఎప్పుడైనా నోరు జారానేమో అనుకున్నాను. సమావేశం అయ్యాక మెట్ల మీద పట్టుకుని అడిగేశాను.

"నా మనసులో మాట మాలకీకి నువ్వే అమ్మావా?"

"కన్‌సెప్టా, నా కూతురి కష్టం నేను ఎవరికీ చెప్పుకోలేదు, నీకు తప్ప. ఇప్పుడది ఊరంతా తెలుసు. నేనడగాల్సిన ప్రశ్న నువ్వడుగుతున్నావు" అన్నాడు. టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

నిన్న బార్ట్లీ పచ్చిక చూపిస్తానని తీసుకెళ్లాడు. ఎనభై దగ్గరపడుతున్నా రబ్బరు బూట్లు వేసుకుని నా ముందు నడిచాడు. నాలుగు రోజులే వాన పడింది, అప్పటికే కంచె రాళ్ల దాకా నీళ్లు. "ఇక్కడ నేల ఎత్తితే ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి కన్‌సెప్టా?" అని అడిగాడు. మా ఇద్దరికీ తెలుసు, అతని ఇంటి పొగగొట్టం అక్కడికి కనబడుతూనే ఉంది.

కన్‌సెప్టా


డబ్లిన్
డిసెంబరు 16

పిన్నీ,

క్రిస్మస్‌కి రాలేకపోతున్నాను. ఉన్ని మేజోళ్లు పంపిస్తున్నాను, వేసుకో.

ఒక మాట అడుగుతాను, కారణం అడగకు. ఇక నుంచి ఓట్ల సంగతి, ఎవరు ఎటు ఉన్నారన్న సంగతి నాకు రాయవద్దు. నువ్వు రాస్తే నేను చదువుతాను, చదివితే...

ఫింటన్ గారితో రాజీపడు. చెప్పింది ఆయన అయ్యుండడు.

గ్రాన్యా


డ్రమ్‌షీల్
2019 జనవరి 30

గ్రాన్యాకు,

ఈసారి 'తల్లి' అని రాయబుద్ధి కాలేదు.

కౌన్సిలర్ల దగ్గర పైరవీ చేసేవాళ్లు నాలుగు నెలలకోసారి సర్కారు రిజిస్టరులో వివరాలు రాయాలి కదా. ఎవరిని కలిశారు, ఎవరి తరఫున, దేనికోసం, ఎలా అని. అది ఎవరైనా చూడొచ్చని చట్టం వచ్చినప్పుడు మాకు చెప్పారు. నేనెప్పుడూ చూడలేదు. సోమవారం లైబ్రరీలో పని చేసే అమ్మాయి, "కన్‌సెప్టా గారూ, మీ పేరు వచ్చింది చూశారా?" అని కంప్యూటరు నావైపు తిప్పింది. ముందడుగు వాళ్ల సందర్శనలు ఉంటాయనుకుని కళ్లజోడు పెట్టుకున్నాను.

పైరవీ చేసింది: నీ సంస్థ. ఎవరి తరఫున: మాలకీ టాఫ్ కంపెనీ. ఎవరి మీద: కౌన్సిలర్ కన్‌సెప్టా గెరటీ. విషయం: గుర్రాల పచ్చిక. ఎలా: ఉత్తరాల ద్వారా. బాధ్యురాలు: నీ పేరు. పూర్తి పేరు, మా నాన్న ఇంటిపేరు మధ్యలో పెట్టుకుని మరీ.

ఆ అమ్మాయి మంచినీళ్లు తెచ్చింది. నాకు అక్కర్లేదన్నాను.

మీ అమ్మ గర్భంతో ఉన్నప్పుడు లిమరిక్ ఆసుపత్రికి కారు నడిపి తీసుకెళ్లింది నేను. నీ మొదటి పళ్లు ఊడితే వాటిని కవరులో పెట్టి నాకు పోస్టు చేసేదానివి. ఇంతకాలం తర్వాత నా పేరు రాసిన ఆ కవరు చూసి ఎంత పొంగిపోయాను! గీతల కాగితాలు కొన్నావని మురిసిపోయాను. ఎవరి డబ్బుతో కొన్నావే?

నేను నీకు చెప్పిన ఒక్కో మాటా నా ఊరి మీదికి తిరిగొచ్చింది. కిటికీలు వచ్చాయి. ఫింటన్ కూతురి కారవాన్‌కు కిలియన్ వెళ్లాడు. ఆ పిల్ల పేరేమిటని నువ్వడిగితే, జాలిపడ్డావనుకున్నాను. పాపిష్టిదాన్ని, ఆ మనిషిని మెట్ల మీద నిలబెట్టి దొంగను చేశాను. నిన్న వాళ్లింటికి వెళ్లి తప్పయిందన్నాను. తలుపు తీశాడు, లోపలికి రమ్మనలేదు.

ఒకటి విను. నన్ను పిరికిదాన్ని చేద్దామనుకుంటే మీ లెక్క తప్పింది. పోస్టాఫీసు మూసేస్తామని డబ్లిన్ నుంచి ఐదుగురు సూట్లు వేసుకుని వచ్చినప్పుడు కౌంటరు మీద తాళం చెవి పెట్టి, "దమ్ముంటే మీరే తీసుకోండి" అన్నదాన్ని. మార్చి 11న ఓటింగ్. ఆ రోజు ఏం చెయ్యాలో నాకు తెలుసు. నీ జవాబు అక్కర్లేదు.

కన్‌సెప్టా గెరటీ


డబ్లిన్
ఫిబ్రవరి 4

పిన్నీ,

వద్దన్నా రాస్తున్నాను. చదవకుండా వెనక్కి పంపే అలవాటు నీకు లేదు.

మొదటి ఉత్తరం ఆఫీసు బల్ల మీద రాశాను. నువ్వు చేతిరాత ఉత్తరాలకే జవాబిస్తావని వాళ్లకు చెప్పింది కూడా నేనే. మా ఆఫీసు పెద్దాయన చదివి, "బాగుంది, ఇంకొంచెం ప్రేమ పెట్టు" అన్నాడు. ఆ మాట దగ్గరే లేచి వెళ్లిపోవాల్సింది. లేవలేదు. నీ జవాబు రాగానే అందులో ఉన్నదంతా ఒక కాగితం మీద ఎక్కించి ఇచ్చాను. ఫింటన్ గారి కూతురి సంగతి కూడా. దీనికి సాకు ఏదీ లేదు, చెప్పను.

నవంబరు ఉత్తరం మాత్రం ఎవరికీ చూపించలేదు. మెట్ల మీద మీ ఇద్దరి మాటలు చదివాక చూపించలేకపోయాను.

జనవరిలో రిజిస్టరు నింపాల్సి వచ్చింది. "కుటుంబం ఉత్తరాలు అందులో ఎందుకు రాస్తావు? పిన్నికి రాసుకున్నావు, అంతే" అన్నాడు పెద్దాయన. నేను కూర్చుని నింపాను. పైరవీ చేశాను కాబట్టి నింపాను. నువ్వెలాగైనా చూస్తావని కూడా నింపాను. నీ ముఖం మీద చెప్పే ధైర్యం లేక సర్కారు రిజిస్టరులో చెప్పాను. అది పిరికితనమే, ఒప్పుకుంటున్నాను. కానీ దాచమన్న మనిషి ఎదురుగానే కూర్చుని నా పేరు పూర్తిగా రాశాను, తాతయ్య ఇంటిపేరుతో సహా. అది మాత్రం కావాలనే చేశాను.

ఇంకొకటి. ఇళ్లు కావాలన్న మాట అబద్ధం కాదు పిన్నీ. అది డబ్బు తీసుకుని రాసింది కాదు. నీ ఇల్లు నీకుంది. కోపంలో దాన్ని కూడా కొట్టిపారెయ్యకు.

మాలకీ కంపెనీ మీ కౌన్సిల్‌కు ఇచ్చిన వరద నివేదిక ఎవరైనా చదవొచ్చు. మూడు వందల పేజీలు కాబట్టి ఎవరూ చదవరు. నూట పద్దెనిమిదో పేజీలో పటం చూడు. నేనేమీ దొంగిలించి ఇవ్వడం లేదు, మీ ఆఫీసు బీరువాలో ఉన్నదే.

నా ఉత్తరాలు నీవి. నువ్వు రాసినవి కూడా ఈ కవరులోనే తిప్పి పంపుతున్నాను. సభలో చదివినా సరే.

గ్రాన్యా


డ్రమ్‌షీల్
మార్చి 12

గ్రాన్యాకు,

చదివాను. నీవీ, నావీ.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఈ రోజు పత్రికలు రకరకాలుగా రాశాయి, ఒకదాంట్లో నా ఫొటో కింద 'ఆగ్రహించిన అమ్మమ్మ' అని వేశారు. పెళ్లే కానిదాన్ని!

సభ నిండిపోయింది. కుడివైపు ముందడుగు వాళ్లు మెడల్లో క్లబ్బు రంగుల కండువాలు వేసుకుని వరసగా కూర్చున్నారు, మధ్యలో మాలకీ, పక్కన కిలియన్. ఎడమవైపు దిగువ వీధి వాళ్లు పదకొండు మంది, తడి కోట్లతో. ఫింటన్ నా పక్క కుర్చీలో ఉన్నాడు గానీ ముఖం అటు తిప్పుకున్నాడు.

ఓటింగ్ అనగానే నేను లేచాను.

"అధ్యక్షా, నా మీద పైరవీ జరిగింది."

"అందరి మీదా జరిగిందిలే కన్‌సెప్టా, కూర్చో!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. సభంతా నవ్వింది. నేనూ నవ్వాను.

"మీ మీద చేసినవాళ్లు చేపలు తెచ్చారు. నా మీద చేసింది మా అక్క కూతురు. ప్రేమ తెచ్చింది. అందుకే నేను తీసుకున్నాను."

తర్వాత ఉత్తరాలు తీసి చదివాను. నేను రాసిందే ముందు చదివాను: ఏమిస్తే మెత్తబడతానో నా చేత్తో రాసింది. మధ్యలో ఆపలేదు. ఇంకొకరు దాన్ని నా ముఖాన విసిరేలోపు నేనే బల్ల మీద పెట్టదలచుకున్నాను. ఫింటన్ ఇంటి సంగతి ఉన్న చోటు మాత్రం వదిలేసి, "ఇక్కడ నేను ఒక మంచి మనిషిని అనుమానించాను. తప్పు నాది. అందరి ముందూ చెబుతున్నాను" అన్నాను. నీ పేరు చదివాను. నువ్వు రిజిస్టరులో రాశావనీ, రాయొద్దన్నా రాశావనీ కూడా చదివాను. అది న్యాయం.

"ఇదంతా వ్యక్తిగతం, దీనికీ ఓటుకీ ఏం సంబంధం?" అని మాలకీ లేచాడు. ప్రేక్షకులు మాట్లాడకూడదని అధ్యక్షుడు కూర్చోబెట్టాడు.

"సంబంధం ఉంది. వాళ్లకు నా మనసులో ఏముందో తెలుసుకునే ఓపిక ఉంది. వాళ్ల నివేదికలో ఏముందో మనకు చెప్పే ఓపికే లేకపోయింది. ఇంజనీరు గారూ, నూట పద్దెనిమిదో పేజీ తియ్యండి."

మా కౌన్సిల్ ఇంజనీరు కాగితాలు తిరగేశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆ నీలం గీత ఏంటండీ?"

"పచ్చిక ఎత్తు పెంచాక... వరద నీరు మళ్లే దారి అండి."

"ఎవరింటి మీదుగా పోతోందది?"

"దిగువ వీధి. నలభై ఎనిమిది సెంటీమీటర్లు... అంచనా."

బార్ట్లీ ఉన్నచోటనే లేచి నిలబడ్డాడు. "సెంటీమీటర్లెందుకయ్యా? నా మోకాలు దాకా అను, అందరికీ అర్థమవుద్ది!"

ఈసారి అధ్యక్షుడు కూర్చోమనలేదు.

నేను ఇంకొక్కటే అన్నాను. "ఇళ్లు కావాలి. ఊరిపైన మూసేసిన పశువుల సంత స్థలం ఏళ్ల తరబడి ఖాళీగా ఉంది. అది మన కౌన్సిల్‌దే. అక్కడ ఒక చుక్క నీళ్లు నిలవవు. దాని కోసం ఇన్నాళ్లూ మన దగ్గరికి ఒక్కడూ ఎందుకు రాలేదు? రిబ్బను కట్టిన చేప ఎందుకు రాలేదు? దాంట్లో మాలకీకి ఏమీ లేదు కాబట్టి."

పేరు పేరునా ఓటు పిలిచారు. తొమ్మిది అటు, ఎనిమిది ఇటు. నేను 'వద్దు' అన్నాను. తొమ్మిది, తొమ్మిది. ఫింటన్ పేరు పిలిచారు. ఒళ్లోని టోపీ బల్ల మీద పెట్టాడు.

"వద్దు" అన్నాడు.

బయట మెట్ల మీద పట్టుకుని థాంక్స్ చెప్పబోయాను. "నీ కోసం కాదు. నీ మీద కోపం ఇంకా అలాగే ఉంది" అన్నాడు.

"ఉండనీ. ఉండాల్సిందే."

"మా అమ్మాయిని అడిగాను. ఇల్లు కావాలి నాన్నా, బార్ట్లీ తాత కొంప ముంచి మాత్రం వద్దు అంది." కారు తలుపు తీసి, "వానొస్తోంది, ఎక్కు, దింపుతాను" అన్నాడు. దారంతా రేడియో గట్టిగా పెట్టాడు. అయినా దింపాడు.

కిలియన్ మే ఎన్నికల్లో నా మీద నిలబడతాడట. సభ నుంచి పోతూనే ఫొటో తీయించుకున్నాడు.

నీ మీద నాకు కోపం పోలేదు. కానీ నూట పద్దెనిమిది అన్నావు, నిజమే చెప్పావు. ఇళ్ల గురించి అన్నావు, అదీ నిజమే. అందుకే సంత స్థలం మాట ఎత్తాను.

పిన్ని


డబ్లిన్
మే 27

పిన్నీ,

రేడియోలో విన్నాను. ఏడో లెక్కింపు దాకా వెళ్లి, ఇరవై మూడు ఓట్ల తేడాతో ఓడిపోయావట. వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. ఆ ఇరవై మూడూ నా ఉత్తరాలే అనిపించింది.

నీకు చెప్పలేదు, మార్చిలోనే నన్ను తీసేశారు. 'ఖాతాదారుల నమ్మకం దెబ్బతింది' అని రాసిచ్చారు. నాకు విచారం లేదు. చదవమన్నది నేనే. వెళ్తూ వెళ్తూ పెద్దాయనతో, "ప్రేమ సరిపోయిందా సార్?" అన్నాను. అతని ముఖం నువ్వు చూడాల్సింది.

ఇప్పుడు అద్దెకుండేవాళ్ల సంఘంలో పని చేస్తున్నాను. జీతం సగం. నన్ను క్షమించమని అడగను. ఒకసారి రానిస్తావా అని అడుగుతున్నాను.

గ్రాన్యా


డ్రమ్‌షీల్
జులై 8

గ్రాన్యా తల్లికి,

ఓడిపోయినందుకు నువ్వెందుకే నేల మీద కూర్చోవడం? ఆ ఇరవై మూడు మంది నాకు ఓటెయ్యకపోవడానికి ఇరవై మూడు కారణాలుంటాయి. ఒకడి కారణం వాడింటి ముందు గుంత. నాకు తెలుసు, వాడే చెప్పాడు. ఓట్లు లెక్కించే హాల్లో మాలకీ వచ్చి చెయ్యి చాపాడు. "ఇక విశ్రాంతి తీసుకోండి కన్‌సెప్టా గారూ" అన్నాడు. "నాకు అలసటగా ఉందని నీకెవరు చెప్పారు?" అన్నాను. చెయ్యి మాత్రం ఇచ్చాను, గట్టిగా నొక్కి.

సంత స్థలం తీర్మానం కొత్త కౌన్సిల్ ముందుకు వెళ్లింది. మాలకీ కూడా ఊరుకోలేదు, ప్లాన్‌కు సవరణ పేరుతో పచ్చికను మళ్లీ తెస్తున్నాడు. కాబట్టి మేమూ ఒక సంఘం పెట్టాం. దిగువ వీధి వాళ్లు, హోటలు గదిలో కవలలతో ఉన్న ఆ అమ్మాయి, ఫింటన్ కూతురు, నేను. ఇళ్లు కావాలి, పైన కావాలి అన్నది మా మాట. దానికి పేరు ఇంకా పెట్టలేదు, బార్ట్లీ పెట్టిన పేరు కాగితం మీద రాయదగ్గది కాదు.

భూమి సంగతిలో మామూలు మనిషి పైరవీ చేసినా రిజిస్టరులో రాయాల్సిందేనట. ఆ ఫారం నింపడం మాలో ఎవరికీ రాదు. నీకొచ్చు. వచ్చే శనివారం రైలుకు రా, స్టేషన్‌కు ఫింటన్ వస్తాడు. అతనికి నీతో మాట్లాడాల్సింది ఉందట. మర్యాదగా ఉండదు, ఓర్చుకో. నా దగ్గర కూడా కొంత తిట్టు మిగిలే ఉంది. బఠాణీలు వేసి గొర్రె మాంసం వండుతాను.

నిన్న కౌన్సిలర్ కిలియన్ మాన్యన్ జనాన్ని కలిసే మొదటి రోజు, హోటలు వెనక గదిలో. నేనూ వెళ్లి వరసలో కూర్చున్నాను. నాది ఏడో నంబరు. ముందున్న ఆరుగురూ తమ గోడునంతా అలవాటు కొద్దీ నాకే చెప్పుకున్నారు: ఒకామె ఉచిత వైద్యం కార్డు, ఒకాయన మురుగు కాలవ. ఇద్దరికి ఏం రాయాలో అక్కడే కాగితం మీద రాసిచ్చాను.

నా వంతు వచ్చింది. లోపలికి వెళ్లాను. కొత్త బల్ల, కొత్త సూటు. తలెత్తి చూసి చేతిలో పెన్ను కింద పెట్టేశాడు.

"మీరా?"

"నేనే. కూర్చోమంటావా, నిలబడే మొదలుపెట్టమంటావా?"

నీ పిన్ని,
కన్‌సెప్టా